రాడ్డు ముట్టకుండా రీసెర్చ్ పేపర్

ఎం.టెక్. స్ట్రక్చర్స్‌లో చేరారు. పేపర్ వేయాలన్నారు. గైడ్ గారేమో "స్టీలు మీద ఏదో ఒకటి చూడవయ్యా" అని చేతులు దులుపుకున్నారు. కంగారొద్దు. చేతికి తుప్పు మరక అంటకుండా గట్టెక్కే దారి ఇదిగో.

1. టాపిక్ పెద్దది పెట్టండి. 'కాంక్రీటులో స్టీలు: ఒక సమీక్ష' భేషుగ్గా ఉంటుంది. 'విశాఖ బీచ్ రోడ్డు బాల్కనీల్లో రాడ్ల తుప్పు' అన్నారో, సుత్తి పట్టుకుని ఎండలో గడప గడపకీ తిరగాలి. సమీక్షకైతే సీనియర్ పెన్‌డ్రైవ్ చాలు.

2. చరిత్రతో పేజీలు నింపండి. 1867లో ఫ్రాన్స్ తోటమాలి జోసెఫ్ మోనియే ఇనుప వల పెట్టిన సిమెంటు తొట్లకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తొట్ల మీద మూడు పేజీలు లాగండి. చదివేవాళ్లు అక్కడే అలిసిపోతారు.

3. తూకం వేయకండి. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎంకి 0.89. 'లెక్క ప్రకారం' గడిలో అదే, 'తూచినది' గడిలోనూ అదే. కోడ్ కాస్త తేడా ఒప్పుకుంటుంది గానీ, మీ రాడ్లకు ఆ దయ అక్కర్లేదు.

4. ల్యాబ్ తాళం అడగకండి. ఎఫ్‌ఈ 500 గ్రేడు స్టీలుకి ఈల్డ్ స్ట్రెంత్ కనీసం 500 మెగాపాస్కల్ అని పేరే చెబుతోంది. 512, 517, 509 అని వేసుకోండి. గుండు అంకెలు వద్దు, అనుమానం వస్తుంది. అదే పట్టికని 500డికీ అతికించండి. సాగుదల మాత్రం 12 శాతం నుంచి 16 దాటించండి. 'డి' ఉన్నదే అందుకు. అది మర్చిపోతే దొరికిపోతారు.

5. తుప్పు రీడింగులు మధ్యలో ఉంచండి. హాఫ్‌సెల్ రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కిందికి దిగితే తుప్పుకి 90 శాతం పైగా అవకాశం. మైనస్ 200కి పైనుంటే దాదాపు లేనట్టే. నడుమ ఉంటే 'చెప్పలేం'. మీవన్నీ మైనస్ 275 దగ్గర సర్దండి. ఏమీ చెప్పనివాణ్ణి తప్పుపట్టేదెవరు?

6. భూకంపం వాడుకోండి. 2001 భుజ్ ఫొటో ఒకటి మొదటి పేజీలో వేయండి. నిలువు రాడ్లను చుట్టే రింగుల కొక్కేలు 135 డిగ్రీలు వంచమంటుంది ఐఎస్ 13920 కోడ్. 90కే ఆపితే పైనున్న కాంక్రీటు రాలగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు బయటికి వంగుతాయి. సైటుకెళితే ఏది ఎంత వంచారో చూడాల్సొస్తుంది. సాఫ్ట్‌వేర్లో మోడల్ గీసుకోండి. అక్కడ అన్ని రింగులూ 135కే వంగుతాయి.

7. గైడ్ గారి పేరు ముందు వేయండి. తన పేరున్న కాగితాన్ని ఎవరూ ప్రశ్నించరు. వైవాలో బయటివాళ్లు గుచ్చితే "రాడ్లు లాగి చూసే యూటీఎం రిపేరులో ఉందండీ" అని నిట్టూర్చండి. వాళ్ల కాలేజీ మిషను గుర్తొచ్చి వదిలేస్తారు.

8. ముగింపు ఒకటే: 'ఈ అంశంపై మరింత పరిశోధన అవసరం.' మీ పేపర్లో అక్షరాలా నిజమైన వాక్యం ఇదే. ధైర్యంగా రాయండి.

పట్టా వచ్చాక, శ్లాబు పోసే ముందు స్టీలు చూసి సంతకం పెట్టే ఉద్యోగం ఖాయం. దానికీ కారు దిగనక్కర్లేదు. కవర్ బ్లాకులు పెట్టారా అని ఫోన్లో అడగండి. "పెట్టాం సార్" అంటాడు మేస్త్రీ.