మెసేజ్‌లు ఫోనే చదువుతుంది, మీరు కాళ్లు చాపుకోండి

మెసేజ్ చదవడమంటే ఎంత చాకిరీ! కళ్లజోడు వెతకాలి, ఫోను తీయాలి, చదివిన పాపానికి జవాబూ ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఉంది, ఐఫోన్‌లో 2009 నుంచీ వాయిస్‌ఓవర్ ఉంది. తెర మీదున్నదాన్ని పైకి చదివి వినిపిస్తాయి. చూపు లేనివాళ్లు ఫోను సొంతంగా వాడుకోవడానికి చేసినవివి. వాళ్లు ఓపిగ్గా నేర్చుకుని వాడతారు. మనకు ఆ ఓపిక అక్కర్లేదు.

1. ఏమీ తెలుసుకోకుండా ఆన్ చేయండి. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ మొదలవుతుంది. ఇక దేన్ని ముట్టుకున్నా పేరు చదువుతుంది గానీ తెరుచుకోదు. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి, పేజీ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. ఈ రెండు ముక్కలు తెలియకపోవడమే మీకు శ్రీరామరక్ష. అప్పిచ్చిన బావమరిది ఫోన్ చేస్తే "ఫోను పనిచెయ్యట్లేదురా" అనేయొచ్చు. ఆపడానికీ అవే బటన్లని ఎవరైనా చెప్పబోతే మాట మార్చేయండి.

2. ఇయర్‌ఫోన్స్ ఇంట్లోనే వదిలేయండి. ఆర్టీసీ బస్సు ఎక్కగానే సౌండు పూర్తిగా పెంచండి. "ఈ నెల చీటీ డబ్బు ఇంకా రాలేదు" అని మీ జేబు అరుస్తుంది. కండక్టర్ చిల్లర లెక్క ఆపి చూస్తాడు. ముందు సీట్లో మీ ఊరాయనే ఉంటాడు, వెనక్కి తిరక్కుండానే చెవి ఇటు పడేస్తాడు. అంతలో ఓటీపీ వస్తుంది. ఫోను దాన్ని ఒక్కోసారి అంకెలుగా కాకుండా "నాలుగు లక్షల ఎనభై రెండు వేల..." అంటూ చదువుతుంది. మీ దగ్గర అంత డబ్బుందా అని బస్సంతా లేచి చోటిస్తుంది.

3. లాక్ వేసి ఉన్నప్పుడు మెసేజ్‌లోని విషయం కనబడకుండా దాచే సెట్టింగ్ ఒకటుంటుంది. తీసేయండి. మనింట్లో దాపరికాలేమిటి?

4. తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేయకండి. గూగుల్ వాళ్లది ఉచితంగానే దొరుకుతుంది, అందుకే దానికి విలువ లేదు. ఇంగ్లీషు గొంతుకే వదిలేస్తే తెలుగక్షరాలు చాలావరకు మింగేస్తుంది. "అమ్మకి ఒంట్లో బాలేదు, 6 గంటలకల్లా రా" అని అక్క పంపితే మీకు 'సిక్స్' ఒక్కటే వినబడొచ్చు. ఆరుగురు చుట్టాలొస్తున్నారేమోనని తలుపేసుకుని పడుకున్నానంటే ఎవరు కాదంటారు? తెలుగు గొంతు ఉండితీరాలంటే వేగం చివరిదాకా లాగండి. అలవాటైనవాళ్లకు ఆ వేగంలోనూ ప్రతి మాటా తెలుస్తుంది. మనకు తేనెతుట్టె కదిపినట్టుంటుంది, అదే కావాలి.

5. చుట్టాల వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టకండి. పొద్దున్నే బాబాయి పంపే పువ్వులు, దణ్ణాలు, సూర్యుళ్లు అన్నిటినీ పేర్లతో సహా చదివి పెడుతుంది. ఆ సందట్లో కరెంటు బిల్లు గడువు మెసేజ్ ఎటు పోయిందో తెలియదు. ఫ్యూజు పీకినప్పుడు లైన్‌మన్‌తో పోట్లాడొచ్చు.

6. ఇది అసలైన చిట్కా. ఎవరో తెలియని నంబరు నుంచి 'పెళ్లి శుభలేఖ' అని ఏపీకే ఫైలు వస్తుంది. వేసుకోండి. యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఇచ్చేయండి. తెర మీద ఉన్నదంతా చదవడానికీ, మీ బదులు బటన్లు నొక్కడానికీ అదే తాళంచెవి. టాక్‌బ్యాక్‌ది కూడా అదే అనుమతి, అది వాడేది మీ కోసం, అంతే తేడా. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయట నుంచి తెచ్చుకున్న యాప్‌లకు ఆ అనుమతి ఇవ్వబోతే ఫోను అడ్డుపడుతుంది. ఎంత బద్ధకస్తులైనా ఇక్కడ మాత్రం శ్రమపడి సెట్టింగ్‌లన్నీ గాలించి ఆ అడ్డు తీసేయండి. ఇకపై ఓటీపీ చదవడం, కొట్టడం, డబ్బు పంపడం అన్నీ యాప్ చూసుకుంటుంది. మీరు నిద్రలేవక్కర్లేదు.

7. ఖాతా ఖాళీ అయ్యాక కంగారు వద్దు. సైబర్ మోసాలకు 1930 అనే నంబరుంది. వెంటనే ఫోన్ చేస్తే డబ్బు అవతలివాడి చేతికి అందకుండా ఆపే వీలుంటుంది. కాబట్టి వెంటనే చేయకండి. ఫోను కొనిచ్చిన కొడుకును, అమ్మిన షాపువాణ్ణి, శుభలేఖలో ఉందో లేదో తెలియని పెళ్లికూతుర్ని వరసగా తిట్టండి. భోంచేసి ఓ కునుకు తీసి, సాయంత్రం టీ తాగాక చేయండి. చేసేటప్పుడు స్పీకర్ ఆన్ చేయడం మరవకండి, మీ ఖాతా వివరాలు ఇంకా వినని ఇరుగుపొరుగు ఎవరైనా మిగిలి ఉండొచ్చు.