ఏడు జాముల రోజు

మన లాడ్జీలకూ నాగరికత వచ్చేసింది. గుమ్మం మీద ‘24 గంటల చెకౌట్’ అని గర్వంగా రాసుకున్న పాత బోర్డులు దిగిపోతున్నాయి. వాటి స్థానంలో కౌంటరు అద్దం మీద ‘చెకిన్ మధ్యాహ్నం 2, చెకౌట్ ఉదయం 11’ అనే అక్షరాలు వెలుస్తున్నాయి. స్టార్ హోటళ్ల ఆచారం బస్టాండు వెనక సందు దాకా వచ్చినందుకు సంతోషించాలి కాబోలు. లెక్క మాత్రం ఒకసారి చూడండి. రెండింటి నుంచి పదకొండింటి దాకా 21 గంటలు. పెద్దలు రోజుకు ఎనిమిది జాములన్నారు, జాముకు మూడు గంటలు. హోటలువారి రోజుకు ఏడే జాములు. ఘడియల్లో చెప్పమంటే సరిగ్గా ఏడున్నర ఘడియలు గల్లంతు. ఏలినాటి శనిదీ ఏడున్నర లెక్కే. కాకపోతే అది ఒకసారి పట్టి ఎప్పటికో వదులుతుంది, ఇది గది బుక్ చేసిన ప్రతిసారీ పడుతుంది.

పైగా ఈ కోత పడేది మనకు సరిగ్గా అవసరమైన వేళకే. మన ప్రయాణాలు రాత్రివి. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్కినవాళ్లు తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటారు; లింగంపల్లిలో నారాయణాద్రి ఎక్కినవాళ్లు తెల్లారేసరికి తిరుపతిలో ఉంటారు. స్లీపర్ బస్సులదీ అదే దారి. ఒక రాత్రి అద్దె మిగులుతుందనే కదా రాత్రి బండి ఎక్కేది! ఆరింటికి దిగిన కుటుంబం అడిగేది మెత్తటి పరుపు కాదు. గడియ పడే బాత్‌రూమ్, చంటిపిల్లకు పాలు కలపడానికి వేడినీళ్లు, ముసలాయన నడుం వాల్చడానికి ఇంత చోటు. క్షేత్రానికి వచ్చినవాళ్లయితే స్నానం కాకుండా గుడి మెట్టెక్కరు. వాళ్లకు కౌంటర్లో కుర్రాడు నవ్వుతూ చెప్పే జవాబు: ‘చెకిన్ రెండింటికి సార్.’ గది రాత్రంతా ఖాళీగానే ఉందని అతనికి తెలుసు. ‘ఎర్లీ చెకిన్ కావాలంటే ఇస్తాం సార్, ఎక్స్‌ట్రా అవుతుంది.’ ఎవరూ లేని గదిని, అప్పటికే డబ్బు పుచ్చుకున్న గదిని, అదే మనిషికి రెండోసారి అమ్మడమన్నమాట. వద్దంటే లాబీలో సోఫా ఉంది, ఎనిమిది గంటలు కూర్చోవచ్చు.

దీన్ని వేళాకోళంగా చెప్పి ఊరుకోవడం ఇంక కుదరదు. ఇది తూకంలో కోత. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా నికర బరువు ముద్రించి తీరాలని 2009 నాటి తూనికలు, కొలతల చట్టం చెబుతోంది. నాలుగు వేల రూపాయల గదికి మాత్రం యాప్‌లో ధర బొద్దు అంకెల్లో ఉంటుంది, గంటలు ‘హోటల్ నియమాలు’ అనే అడుగుపొరలో ఉంటాయి. ఒక్క రాత్రి దిగే మనిషికి ఎనిమిదో వంతు సరుకు తగ్గింది, ధర తగ్గలేదు. ప్రభుత్వమూ అడగలేదు. వెయ్యి రూపాయల లోపు గదులకున్న పన్ను మినహాయింపును 2022 జూలైలో తీసేసింది. 2025 సెప్టెంబరులో 7,500 లోపు గదులకు జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి దించింది. శ్లాబు ‘రోజుకు’ అనే ఉంది. ఆ రోజుకు ఎన్ని గంటలో ఎవరికీ పట్టలేదు.

గది శుభ్రం చేయడానికి టైము కావద్దా అంటారు యజమానులు. కావాలి. హోటల్ పరిశ్రమలో హౌస్‌కీపింగ్ మనిషికి ఒక షిఫ్టులో 14 నుంచి 16 గదులు అప్పజెప్పడం మామూలే. అంటే గదికి అరగంట, పైన కొద్ది నిమిషాలు. మూడు గంటలు పడుతోందంటే దుమ్ము ఎక్కువై కాదు, మనుషుల్ని తక్కువ పెట్టుకున్నందువల్ల. ఆ జీతాలు మిగుల్చుకున్నది యజమాని, లాబీలో కూర్చున్నది మనం, నడుం విరిగేలా పరుగెత్తుతున్నది ఆ పనిమనిషి. ఒక్కొక్కరు ఒక్కో వేళకు వస్తే లెక్క కుదరదన్నది రెండో వాదన. రైల్వేవాళ్లు స్టేషన్లలో రిటైరింగ్ రూములను 12 గంటలకూ 24 గంటలకూ ఇస్తూనే ఉన్నారు. నిత్యం జాతరలా ఉండే తిరుమలలోనే టీటీడీ గదిని 24 గంటల లెక్కన ఇస్తోంది. రద్దీ వాసన పట్టి పూటపూటకూ రేటు పెంచే హోటల్ సాఫ్ట్‌వేర్‌కు, అతిథి ఎన్నింటికి దిగాడో రాసుకోవడం మాత్రం చేతకాదా? 24 గంటలు ఇస్తే అద్దె పెంచాల్సి వస్తుందన్నది చివరి బెదిరింపు. పెంచండి. గంటకు ఎంత పడుతోందో పైకి కనిపిస్తే, పక్క హోటల్‌తో పోల్చుకోవడం మాకు వచ్చు.

ఎంచుకునేవాళ్లూ తక్కువ తినలేదు. రీల్ చూసి ఊరు, ఈతకొలను ఫొటో చూసి హోటల్ ఖాయం చేస్తారు. బాల్కనీలోంచి మెడ సాచితే కనిపించే నీలిగీతకు ‘సీ వ్యూ’ అని అదనం కడతారు. ఆంధ్రా కశ్మీరంటూ లంబసింగి వెళ్తారు. అక్కడ మంచు ఉండేది తెల్లవారుజామున, వీళ్ల గది తెరుచుకునేది మధ్యాహ్నం రెండింటికి. ఉచిత టిఫిన్‌లో ఎన్ని రకాలున్నాయో మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కునే పెద్దమనిషి, గది ఎన్ని గంటలు ఇస్తారని ఒక్కసారీ అడగడు.

కేంద్ర పర్యాటక శాఖ స్టార్ ఇచ్చే ముందు గది వైశాల్యం కొలుస్తుంది, బాత్‌రూమ్ వైశాల్యమూ కొలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2024–29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా కట్టబెట్టింది. రాయితీలు పుచ్చుకునేటప్పుడు పరిశ్రమ, సరుకు కొలిచి ఇమ్మంటే ఆచారం! ఇదెక్కడి న్యాయం? హోదాతో పాటు ఒక్క షరతు పెట్టడానికి ఖజానాకు పైసా ఖర్చు లేదు: ధర ఎంత పెద్ద అంకెల్లో రాస్తారో, దాని పక్కనే గంటలూ అంత పెద్ద అంకెల్లో రాయాలి. ప్రభుత్వానికి ఆ తీరిక చిక్కేదాకా, గంటలు దాచిపెట్టే హోటల్‌ను మన జాబితాలోంచి కొట్టేద్దాం, దాని నెత్తిన ఎన్ని నక్షత్రాలున్నా సరే.