ఒక దీవి, రెండు గదులు

హవాయి వెళ్దామనుకున్న అమెరికా తెలుగు కుటుంబం మొట్టమొదట చేసే పని, మంచి హోటలొకటి చూసి వారం రోజులకీ బుక్ చేసేయడం. “దీవే కదా, ఎక్కడున్నా ఒకటే” అన్నది దీని వెనకున్న సిద్ధాంతం. దీవి అనగానే మనకి తోచేది ఒక కొబ్బరిచెట్టు, చుట్టూ నీళ్లు, మధ్యలో తువ్వాలు పరుచుకునేంత చోటు. బిగ్ ఐలండ్ అని అందరూ పిలిచే హవాయి దీవి వైశాల్యం మాత్రం 10,430 చదరపు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు విడిపోకముందటి తూర్పు గోదావరి జిల్లా. కాకినాడలో గది తీసుకుని, పొద్దున మారేడుమిల్లి, మధ్యాహ్నం అంతర్వేది, రాత్రి భోజనానికి మళ్లీ కాకినాడ అని ఎవరైనా ప్లాను వేస్తే ఇంట్లో పెద్దవాళ్లు నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమో చూస్తారు. ఊళ్ల పేర్లు మార్చి అదే ప్లాను హవాయిలో వేస్తే అందరూ సరదాగా తలూపుతారు. నేననేది ఒకటే: ఈ దీవిలో ఒక చోట కాదు, రెండు చోట్ల దిగాలి. కొన్ని రాత్రులు పడమటి ఒడ్డున కోనా వైపు, కొన్ని తూర్పున హీలోలోనో, అగ్నిపర్వతం పక్కనున్న వోల్కేనో అనే ఊళ్లోనో.

ఇందులో నా చాదస్తమేమీ లేదు, తప్పంతా గాలిది. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలకి 4,207 మీటర్ల మౌనా కీ, 4,169 మీటర్ల మౌనా లోవా అడ్డు నిలుస్తాయి. మోసుకొచ్చిన తడినంతా మేఘాలు హీలో వైపే దించేస్తాయి. అక్కడ ఏడాదికి సుమారు 3,200 మిల్లీమీటర్ల వాన, హైదరాబాదుకి దాదాపు నాలుగింతలు. కారులో రెండు గంటలు పడమరకి పోతే, కవాయిహే రేవు దగ్గర 250 మిల్లీమీటర్లు పడితే గొప్ప; అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. హోటళ్ల ప్రకటనల్లో మాత్రం ఎండ కాసే బీచి, జలపాతం, లావా, మంచు శిఖరం ఒకే పేజీలో పక్కపక్కనే నవ్వుతుంటాయి. మధ్యలో ఉన్న నాలుగు వేల మీటర్ల కొండలని ఎవరో మర్యాదగా పక్కకి జరిపేసినట్టుంటుంది. అన్నీ ఒకే రోజులో చుట్టేద్దామంటే శరీరమూ ఒప్పుకోదు. స్కూబా డైవింగ్ చేసినవాళ్లు 24 గంటలు గడిచేదాకా మౌనా కీ శిఖరానికి పోకూడదని అక్కడ గట్టిగానే హెచ్చరిస్తారు.

ఒకే గది పంతం పూర్తిగా బెడిసికొట్టేది కీలవేయా అగ్నిపర్వతం దగ్గర. పగటి వేళ దాని బిలం చూస్తే బూడిదరంగు బండ, అక్కడక్కడా ఆవిరి, “ఇంతేనా?” అనిపిస్తుంది. చీకటి పడ్డాకే అసలు సంగతి. లావా ఉన్న రోజుల్లో నల్లటి పెచ్చు మీద పగుళ్లు ఒక్కొక్కటే ఎర్రబడతాయి, పైనున్న పొగకి కింది నుంచి రంగు ఎక్కుతుంది. సరిగ్గా అప్పుడే కోనాలో గది ఉన్నాయన వాచీ చూసుకుంటాడు. ఆయన రెండు గంటలకి పైగా చీకట్లో కారు నడపాలి, వెనక సీట్లో పిల్లలు అప్పటికే ఒకరి మీద ఒకరు ఒరిగి ఉంటారు. పైగా లావా మన బుకింగ్ చూసుకుని రాదు. 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటం ఆగి ఆగి, విడతలు విడతలుగా సాగింది. చాలా విడతలు ఒక రోజు కూడా నిలవలేదు. పక్క ఊళ్లో పడుకున్నవాడు లేచి స్వెటర్ వేసుకుని వెళ్లొస్తాడు. కోనాలో ఉన్నవాడు ఫోన్లో వీడియో చూస్తాడు.

మళ్లీ పెట్టెలు సర్దే ఓపిక ఎవరికుందంటారా? న్యాయమైన మాటే. అత్తగారి మందుల డబ్బా, రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, అన్నీ రెండోసారి కట్టాలి. కానీ రోజూ నాలుగైదు గంటలు కారులో కూర్చోవడం కంటే ఒక పూట సర్దుకోవడం తేలిక. విమానాశ్రయాలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి కోనాలో దిగి హీలోలో ఎక్కొచ్చు. కారు వేరే చోట వదిలితే అదనంగా గుంజుతారేమో ముందే అడగండి. ఇక వాన భయం. జలపాతం కావాలి, వాన మాత్రం వద్దు అనేవారికి నా దగ్గర మందు లేదు. 135 మీటర్ల అకాకా జలపాతం కుళాయి తిప్పితే వచ్చింది కాదు.

అగ్నిపర్వతం పక్కన నిద్రెలా పడుతుందన్నది గట్టి అభ్యంతరం. 2018లో లావా 700కి పైగా ఇళ్లని మింగింది, నిజమే. అయితే అవి బిలం పక్కనివి కావు, దాదాపు నలభై కిలోమీటర్ల అవతల పూనా ప్రాంతంలోవి. ఆ ఏడాది భూకంపాలకి, కీలవేయా ఉన్న పార్కు కూడా నెలల తరబడి మూతపడింది కనుక, బయల్దేరే ముందు అధికారిక హెచ్చరికలు చూసుకోవాల్సిందే. లావాకి భయపడి కోనాకి పరిగెత్తేవారికి ఇంకో సంగతి: అక్కడి విమానాశ్రయం కట్టిందే 1801లో హువాలలై అనే ఇంకో అగ్నిపర్వతం కక్కిన లావా మీద.

మూడే రోజులుంటే ఈ గోలంతా వద్దు, ఈతకైతే కోనా, లావాకైతే వోల్కేనో, ఏదో ఒకటి ఎంచుకోండి. వారం ఉంటే నాలుగు రాత్రులు పడమర, రెండు మూడు తూర్పున. వోల్కేనో ఊరు వెయ్యి మీటర్లకి పైన ఉంది, రాత్రుళ్లు చలేస్తుంది, స్వెటర్లు పై సంచిలోనే పెట్టుకోండి. పార్కు మామూలుగా 24 గంటలూ తెరిచే ఉంటుంది.