కన్ను షార్ప్‌గా ఉందా?

మా బావ లెక్కలో జీవరాశి రెండే రకాలు. కన్ను షార్ప్‌గా వచ్చినవి, రానివి. పిట్ట పేరేమిటి, ఏ దేశం నుంచి వచ్చింది, ఏం తింటుంది అన్నవన్నీ తర్వాతి సంగతులు. ఫోన్ చేతిలో పెట్టి "ఎలా ఉందిరా?" అని అడిగినప్పుడు "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో పిట్ట" అన్నారో, మీ చదువు దండగ. ఆయనే ఫోన్ లాక్కుని రెండు వేళ్లతో తెరను సాగదీస్తాడు. తోక పోతుంది, రెక్కలు పోతాయి, ముక్కు పోతుంది, చివరికి తెరంతా ఒక నల్లటి కన్ను మిగులుతుంది. "ఇప్పుడు చూడు" అంటాడు. ఆ కంట్లో చిన్న తెల్లచుక్క ఉండాలి. దాన్ని క్యాచ్‌లైట్ అంటారు. చుక్క ఉంటే ఆ రోజు ఇంట్లో పండగ. లేకపోతే మా అక్క ఆ పూట ఆయన్ని కూర బాగుందా అని కూడా అడగదు.

ఈ బాపతు మనిషి ఇప్పుడు ప్రతి కాలనీలోనూ ఒకడు ఉన్నాడు. ఆదివారం పాలవాడికంటే ముందు లేచి, ఆకులూ కొమ్మలూ అచ్చేసిన చొక్కా ప్యాంటూ తొడుక్కుని, తలకు అదే రకం టోపీ పెట్టుకుని బయల్దేరతాడు. పిట్టల కంట పడకూడదని వేసుకునే ఆ బట్టల్ని చూసి మా వీధి కుక్కలు సందు చివరిదాకా మొరుగుతూ సాగనంపుతాయి. అడవిలో అలవాటైన గుసగుస ఇంట్లోనూ పోదు. వంటింటి గుమ్మంలో నిలబడి "కాఫీ" అని గుసగుసలాడతాడు. "నేనేమన్నా ఎగిరిపోతానా, గట్టిగా అడగండి" అంటుంది మా అక్క.

ఆయన దగ్గర ఒక లెన్సు ఉంది. 600 ఎంఎం. బరువు మూడు కిలోలు. దాని ధర మా అక్కకు ఒకటి చెప్పాడు, నాకు ఇంకోటి చెప్పాడు, బిల్లు మీద మూడోది ఉందని మా మేనల్లుడు చెప్పాడు. అది నిద్రపోయేది పడగ్గదిలో, కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్‌లో. లోపల తేమ 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉండాలి. ఎక్కువైతే అద్దానికి బూజు పడుతుంది. వానాకాలంలో ఆయన అర్ధరాత్రి లేచి ఆ అంకె చూసుకుని మళ్లీ పడుకుంటాడు. "ఏడాదంతా తినే ఆవకాయను ఒక్కరోజు ఇలా చూసుకున్నారా?" అని మా అక్క అడిగింది. ఆవకాయకు ఆటోఫోకస్ లేదన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే, ఈ కన్ను పిచ్చికి ఒక శాస్త్రం ఉంది. నన్ను కారులో కూర్చోబెట్టి పదేపదే చెప్పబట్టి నాకూ కంఠతా వచ్చేసింది. పది మీటర్ల దూరంలో ఉన్న పిట్టను ఆ లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే, స్పష్టంగా వచ్చే మందం ఆరేడు సెంటీమీటర్లు. అంతే. కొంగ కాస్త మనవైపు తిరిగి నిలబడిందంటే, మెడ షార్ప్‌గా వచ్చి కన్ను మసకైపోవచ్చు. పైగా చెయ్యి వణికితే పోయె, కొమ్మ ఊగితే పోయె. చేత్తో పట్టుకుని తీస్తే కూర్చున్న పిట్టకు సెకనులో 600వ వంతైనా షట్టరు వేగం ఉండాలని పాతకాలపు లెక్క. ఎగిరేదానికి 2000వ వంతు, నీళ్లలోకి దూకే లకుముకికి 3200వ వంతు. అంత వేగానికి ఎండ కావాలి. పిట్టలేమో ఎండెక్కకముందే తిరుగుతాయి. వెలుతురు చాలదని ఐఎస్ఓ 6400కు పెంచితే ఫొటో మీద ఉప్మారవ్వ చల్లినట్టు నాయిస్. ఇక మంచు కురిసే పొద్దున ఆటోఫోకస్ దేన్ని పట్టుకోవాలో తెలియక ముందుకీ వెనక్కీ పోతూనే ఉంటుంది. కెమెరా తెల్లటి మంచును బూడిదరంగు అనుకుంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి. నల్లటి నీళ్ల మీద తెల్లకొంగ కనపడితే ఒక మెట్టు తగ్గించాలి. ఈ రెండోది ఆయన మనుషులకూ వర్తింపజేశాడు. పెళ్లికి తెల్లచొక్కా వేసుకెళితే "హైలైట్స్ పోతాయిరా, ఇంకో రంగు దొరకలేదా?" అంటాడు.

ఆయనతో ప్రయాణం సంగతి వేరే చెప్పాలి. ఏసీ కారులో చల్లబడిన లెన్సును ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. అది ఆరేసరికి పిట్ట పక్క జిల్లాలో ఉంటుంది. అందుకని కారులో ఏసీ వెయ్యడు. గుంటూరు ఎండల్లో, కుటుంబ సమేతంగా, అద్దాలు దించి. పిట్ట కనపడగానే ఇంజను ఆపేస్తాడు, అదురు ఉండకూడదు కాబట్టి. తర్వాత మాట్లాడకూడదు. తర్వాత కదలకూడదు. ఓసారి మా అమ్మ చెంగుతో విసురుకుంటే కారు ఊగుతోందన్నాడు. కిటికీ మీద లెన్సు ఆనించడానికి ఒక దిండు ఉంటుంది. ఇంట్లో రెండు కిలోల కందిపప్పు కనపడక మా అక్క పనమ్మాయిని, పక్కింటివాళ్లని, చివరికి తన జ్ఞాపకశక్తిని అనుమానించింది. అది జిప్పు వేసిన దిండులో, కారు వెనకసీట్లో, జిల్లాలన్నీ తిరుగుతోంది.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు మీలో చాలామంది చూసే ఉంటారు. ఊరి చెరువులో సర్కారు తుమ్మల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి. ఊళ్లోవాళ్లే వాటిని కాపాడుకొస్తున్నారు. ఒక పొద్దున మమ్మల్నందర్నీ అక్కడికి తీసుకెళ్లాడు. గట్టు మీద గేదెల్ని తోలుకొచ్చిన పెద్దాయన ఈ వేషమూ ఆ గొట్టమూ చూసి "ఏందయ్యా, కొంగల్ని కాలుస్తావా ఏంది?" అని కర్ర పైకెత్తాడు. ఫొటోలే అని నమ్మించడానికి మా అమ్మ పూచీకత్తు ఉండాల్సివచ్చింది.

తర్వాత జరిగింది నేను కళ్లారా చూశాను. మా బావ టకటకటకా మీట నొక్కాడు. సెకనుకు 20 చొప్పున పడతాయి. నొక్కి, తల వంచి, కెమెరా వెనక తెరలో కన్ను వెతుక్కోవడం మొదలెట్టాడు. "అత్తయ్యగారూ, చూడండి, కన్ను ఎలా వచ్చిందో!" మా అమ్మ చెట్టువైపే చూస్తోంది. "కన్ను సంగతి నాకు తెలీదు బాబూ, అటు చూడండి. ఆ పిల్ల వాళ్లమ్మ నోట్లోకి తల మొత్తం దూర్చేసింది!" గూడబాతు పిల్ల తినేది అలాగే. తల్లి ముక్కు కింద సంచిలోకి మెడదాకా దూరి చేపను లాక్కుంటుంది. ఆయన తల ఎత్తి, గురిపెట్టి, నొక్కేసరికి తల్లికీ కెమెరాకూ మధ్య ఒక ఎండుపుల్ల అడ్డం వచ్చింది. ఆటోఫోకస్ పుల్లను పట్టుకుంది. ఆ పుల్ల మీద బెరడు గీతలు, గీతల్లో చీమ, అన్నీ అద్భుతంగా వచ్చాయి. తల్లీపిల్లా వెనకాల మబ్బుల్లా ఉన్నారు.

డిలీట్ చెయ్యబోతుంటే మా అమ్మ ఆపింది. ప్రింటు వేయించి ఇమ్మంది. ఇప్పుడది ఆవిడ గదిలో ఫ్రేము కట్టి ఉంది. వచ్చినవాళ్లందరికీ "మా అల్లుడు తీశాడు" అని చూపిస్తుంది. ఆయన ఆ గదిలోకి వెళ్లినప్పుడు గోడవైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

ఇవన్నీ భరించాను. నా గృహప్రవేశం మాత్రం మర్చిపోలేను. బావ ఉండగా వేరే ఫొటోగ్రాఫర్ ఎందుకని నేనే అన్నానట, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ మహా లెన్సుకు నాలుగు మీటర్లకంటే దగ్గరున్నది ఏదీ కనపడదు. నాది రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆయన ఎదురు ఫ్లాటు బాల్కనీలోకి వెళ్లి, కందిపప్పు దిండు పరుచుకుని, మా వంటింటి కిటికీలోంచి తీశాడు. పాలు పొంగాయి. గిన్నె అంచు దాటుతున్న ఒక బుడగ, దాని మీద కిటికీ వెలుతురు, సెకనులో 2000వ వంతులో అలాగే నిలిచిపోయి ఉంది. పురోహితుడి కుడికన్ను, అందులో క్యాచ్‌లైట్, ఉన్నాయి. నేనూ మా ఆవిడా ఎక్కడని అడిగాను. వెనకభాగం అందంగా మసకబారడాన్ని వాళ్ల భాషలో బొకే అంటారు. బుడగ వెనకాల రెండు మెత్తటి రంగు మరకల్ని వేలితో చూపించి "బొకే ఎంత బాగా వచ్చిందో చూడు" అన్నాడు.

దసరాకు పాలపిట్టను చూడటం మనకు శుభం. పంజరంలో పెట్టి తెచ్చి చూపించి డబ్బులు అడిగేవాళ్లను మా బావ తరిమికొడతాడు, అది 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. అక్కడిదాకా మంచిదే. మమ్మల్ని ఊరి బయటికి తీసుకెళ్లి కరెంటు తీగ మీద నిఖార్సయిన పాలపిట్టను చూపించాడు. మా అమ్మ చేతులు జోడించబోయింది. "ఆగండి అత్తయ్యగారూ, తీగ మీద బాగుండదు, కొమ్మ మీద వాలనివ్వండి" అన్నాడు. అది ఏ కొమ్మ మీదా వాలకుండా నీలం రెక్కలు విప్పి పత్తిచేల మీదుగా వెళ్లిపోయింది. దర్శనం అయినట్టా కానట్టా అన్న చర్చ జమ్మిచెట్టు దగ్గర కూడా తెగలేదు.

షార్ప్‌గా రానివాటికి ఆయన దగ్గర మర్యాదైన పేర్లున్నాయి. ఆనవాలు పట్టేంత మాత్రం వస్తే "రికార్డ్ షాట్". మొత్తం సాగిపోతే "పానింగ్". మిట్టమధ్యాహ్నం పులికాట్‌లో రాజహంసల్ని తీస్తే "హీట్ హేజ్". సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండుపక్కలా పల్చటి నీళ్లు. ఎండెక్కితే దాని మీది వేడిగాలి అల్లాడుతూ వెలుగును వంకరలు తిప్పుతుంది, అప్పుడు ఎంత ఖరీదు లెన్సయినా దండగే. దానికి మందు పొద్దున్నే పోవడమో, దగ్గరికి పోవడమో. పొద్దున్నే పోకపోవడానికి కారణం మేమట. ఇడ్లీ తిని బయల్దేరడం వల్ల ఆయనకు ఎన్ని వందల కళ్లు నష్టమయ్యాయో దారి పొడుగునా చెప్పాడు.

ఆయన గురువు ఎరిక్ హోస్కింగ్ అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు. 1937లో ఒక గుడ్లగూబ ఆయన ఎడమకంటి మీద దాడిచేసింది. ఆ కన్ను పోయింది. ఆయన మాత్రం పిట్టల్ని వదల్లేదు, ఆత్మకథకు కూడా 'యాన్ ఐ ఫర్ ఎ బర్డ్' అనే పేరు పెట్టుకున్నాడు. ఈ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ వస్తుంది. ఓసారి మా అక్క వడలు వేస్తూ అంది: "ఒక్క కన్నున్నాయన పిట్టల్ని చూశాడు. రెండున్న మీరు తెరని చూస్తున్నారు." ఆ పూట వడలు రెండే తిన్నాడు.

ఇన్ని అన్నాను గానీ, ఆ మనిషి దగ్గర నాకు నోరు మూతపడే చోటొకటుంది. ఆయన తిరిగే ఫొటోగ్రాఫర్ల గుంపులో ఒకాయన వెనక భాగం శుభ్రంగా రావాలని పిగిలిపిట్ట గూటి చుట్టూ ఉన్న కొమ్మలు విరిచేశాడు. నీడ పోతే పిల్లలు ఎండకు మాడతాయి, లేదా కాకులు చూస్తాయి. మా బావ అంతవరకూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడినవాడు కాదు, గుసగుస మనిషి. ఆ రోజు అరిచిన అరుపుకు చెట్లమీద పిట్టలన్నీ లేచిపోయాయి. ఒక్కటీ ఫొటో తీసుకోలేదు. ఆ గుంపులోంచి బయటికొచ్చేశాడు. గూటి దగ్గరికి వెళ్లడు, ఫోన్లో కూతలు పెట్టి పిలవడు, ఎర వెయ్యడు. నేలపట్టులో నీటికడప చెట్లమీద గూడబాతుల కోసం, పిట్ట తనంతట తాను తల తిప్పేదాకా, ఎంతసేపైనా నిలబడతాడు. పెళ్లిభోజనాల బంతి దగ్గర ఐదు నిమిషాలు ఆగలేని మనిషి!

ఆయన జీవితాశయం కలివికోడి. 1848లో జెర్డన్ అనే డాక్టరు లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. దానికోసం తెలుగుగంగ కాలువ దారినే మళ్లించారు. రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరుగుతుంది, మనిషి అలికిడైతే మాయమవుతుంది. పిట్ట కనపడటమే గగనం, ఇక చీకట్లో ఫొటో ఎక్కడ?

"బావా, ఒకవేళ కనపడి, ఫొటోలో కన్ను మసగ్గా వస్తేనో?" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. "కలివికోడైతే పర్లేదురా" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంతకుముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. నా గృహప్రవేశానికి దొరకని మినహాయింపు దానికి దొరికింది.

డిసెంబరులో మళ్లీ పులికాట్ బయల్దేరుతున్నాడు. కారులో ఒక సీటు ఖాళీ, అది నాదేనని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఏసీ ఉండదు. మాట్లాడకూడదు. కందిపప్పు ఒళ్లో పెట్టుకోవాలి. ఇడ్లీ తిరుగు ప్రయాణంలోనే. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే దయచేసి వెంటనే చెప్పండి, నా సీటు మీకిస్తాను. తెల్లచొక్కా మాత్రం వేసుకురాకండి.