కొట్టంలో కోత

పశువుల్ని తగ్గించేయాలని మా బాబాయి నిర్ణయించాడు. నిజానికి నిర్ణయించింది ఆయన మోకాళ్లు. కొడుకు బెంగళూరులో, కూతురు డల్లాస్‌లో. మేత వేసేది బాబాయి, పేడ తీసేది పిన్ని. కొట్టంలో ఏడు తలలు: పాలిచ్చే ముర్రా గేదెలు రెండు, జెర్సీ ఆవు, వట్టిపోయిన గేదె, ముసలి ఒంగోలు ఆవు, అరక మానేసిన ఎద్దు, ఓ దున్నదూడ. ‘రెండు చాలు బాబాయ్’ అన్నాం అందరం. సలహాకి తవుడు, చెక్క పెట్టక్కర్లేదు కదా.

పాలివ్వనివి తీసెయ్, ఇచ్చేవి ఉంచుకో అంటారు పాడి నిపుణులు. పాపం, ఈ సూత్రం దళారీకి ఎవరూ చెప్పలేదు. అతను వచ్చి పళ్లు చూశాడు, పొదుగు తడిమాడు, సుళ్లు లెక్కపెట్టాడు. తువ్వాలు కింద బాబాయి వేళ్లు నొక్కి బేరం కుదిర్చాడు. దేనికి? ఉంచుకుందామనుకున్న ముర్రాలకి, వాటితో పాటు జెర్సీకి! మరి మిగతావో అంటే, ‘వాటిని మీ దగ్గరే ఉండనీండి, పుణ్యం’ అని బండెక్కాడు. వాటికి వచ్చిన ధర అదొక్కటే.

ఎద్దు సంగతి చూద్దాం. 1977 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ఎద్దు కోతకు పోవాలంటే, అది ఇక సేద్యానికీ సంతానానికీ పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. పనికొస్తామని సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మన పిల్లలు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతుంటే, పనికిరామని సర్టిఫికెట్ అడిగేది ఎద్దులనే! 2017 మే నెలలో కేంద్రం ఇంకో అడుగు వేసి, సంతల్లో కోతకు పశువుల్ని అమ్మకూడదని నిబంధనలు తెచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. నిబంధనలు ఆగాయి గానీ లారీ డ్రైవర్ల భయం ఆగలేదు. వాళ్లు గెజిట్‌కి భయపడరు, సెంటర్లో కర్రలు పట్టుకు నిలబడే కుర్రాళ్లకి భయపడతారు.

అయినా ఇదంతా వృథా చర్చ. ‘నా అరక లాగినదాన్ని కోతకిస్తానట్రా?’ అని బాబాయి నా మీదికి లేచాడు. పోనీ దుక్కికి కొనేవాడున్నాడా అంటే, ఊళ్లో ట్రాక్టర్లకే పొలాలు చాలడం లేదు. 2012కీ 2019కీ మధ్య దేశంలో ఆవుల సంఖ్య 18 శాతం పెరిగితే, ఎద్దులూ కోడెలూ 30 శాతం దాకా తగ్గాయని పశుగణన చెబుతోంది. ఇప్పుడు నూటికి తొంభై పెయ్యదూడలే పుట్టేలా వీర్యం వేరుచేసి సూది వేస్తున్నారు. కోడెకి పుట్టకముందే ఉద్వాసన.

ఒంగోలు ఆవు కథ ఇంకా గొప్పది. దాని జాతే సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ అయింది. అక్కడ వయాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా 2023లో వేలానికి పెడితే, మొత్తం ఆవు విలువ నలభై లక్షల డాలర్లు దాటింది. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో ‘ఇదీ మన ఒంగోలు గొప్పతనం’ అని నెలల తరబడి తిరిగింది. గొప్పతనాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఒక్కడూ మా కొట్టం వైపు రాలేదు. మా ఆవు చెవికీ పసుపుపచ్చ బిళ్ల ఉంది, పన్నెండంకెల నంబరుతో. ఆధార్ లాంటిదే. పింఛనొక్కటే రాదు.

చివరికి రెండు ముర్రాలూ జెర్సీ వెళ్లిపోయాయి. మంద ఏడు నుంచి నాలుగుకి తగ్గింది, మేత ఖర్చు తగ్గినంతగా పాలు తగ్గలేదు అనుకునేరు: పాలు సున్నా. నాలుగు పశువులున్న ఇంట్లో పిన్ని పొద్దున్నే పాలపాకెట్ కత్తిరిస్తోంది. చుట్టాలు మాత్రం ఫోన్ చేసి, ‘గోసేవ చేసుకుంటున్నారు, అదృష్టవంతులు’ అంటున్నారు. ‘ఒకదాన్ని పంపమంటావా?’ అని పిన్ని అడిగితే లైన్ కట్ అవుతోంది. ఊళ్లో సిగ్నల్ అలాంటిది.

ఈ మధ్య ఆవుకి ఉద్యోగం దొరికింది. పక్క టౌన్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, గృహప్రవేశానికి ఆవు కావాలి. దూడని పక్కింటివాళ్ల దగ్గర అరువు తెచ్చి జత కలుపుతాం. పసుపూ కుంకుమా పెట్టించుకుని, పట్టుచీరల మధ్య హాలంతా తిరిగి, టైల్స్ మీద పేడ వేసి వస్తుంది. శుభమని వీడియో తీసుకుంటారు. ఇంట్లో సంపాదించేది ఇప్పుడదొక్కటే. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, ఆ నెల మేతకి ఏం చేయాలో బాబాయి డల్లాస్‌కి ఫోన్ చేసి మాట్లాడుతున్నాడు.