ఆదివారపు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ. ఆరు ముప్పదికిని అందరు రావలె
తెల్ల జెర్సి వేసి తెమ్ము డబ్బు
పదుగురైన చాలు బావను పిలువుము
అంపయరుగ నిలిచి అలుగవద్దు

అవతారిక: హైటెక్ సిటీలో కొలువులు చేసుకునేవారి ఒకానొక క్రికెట్ జట్టుకు, శుక్రవారం సాయంత్రాలు వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ వెలువరించే ఆజ్ఞలన్నిటి సారం ఈ ఆటవెలది.

ప్రతిపదార్థం: ఆరు ముప్పదికిని = ఉదయం ఆరున్నరకు, అనగా ఏడుంబావుకు; అందరు = ‘ఇన్’ అన్నవారిలో శనివారం రాత్రి ప్రొడక్షన్ రిలీజు లేనివారు; రావలె = లొకేషన్ పెట్టిన చోటికి రావలెను; తెల్ల జెర్సి వేసి = ఉతికినదైనా కాకున్నా తొడిగి; తెమ్ము డబ్బు = గ్రౌండు అద్దె, బంతి ఖర్చు తలకింతని ఫోన్‌పే చేయుము; పదుగురైన చాలు = పదిమందే తేలినా దిగులు పడకుము; బావను పిలువుము = ఊరినుంచి వచ్చి హాల్లో పడుకున్న చుట్టాన్ని లేపుకొని రమ్ము; అంపయరుగ నిలిచి = బ్యాటింగ్ జట్టువాడవయ్యుండి అంపైరువై; అలుగవద్దు = మనవాణ్ణి ఔటిచ్చితివని అందరూ తిట్టినా మూతి ముడవకుము.

తాత్పర్యం: పొద్దున్నే రండి, డబ్బులివ్వండి, గొడవ పడకండి.

విశేషాలు: ఎన్నింటికో చెప్పిన కవి ఎక్కడికో చెప్పలేదు. ఇది న్యూనపద దోషమని తొందరపడేవారికి జట్టు చరిత్ర తెలియదన్నమాట. పాత నగరంలో మైదానం ముందు, క్లబ్బు తర్వాత. సికింద్రాబాద్‌లో జింఖానా, పరేడ్ గ్రౌండ్స్. ఇవతల ఫతే మైదాన్. మొయినుద్దౌలా గోల్డ్ కప్పు 1930లో మొదలైంది, హైదరాబాద్ క్రికెట్ సంఘం 1934లో పుట్టింది, 1937-38కల్లా రంజీ ట్రోఫీ ఇంటికొచ్చింది. గులాం అహ్మద్, జయసింహ ఆ నేల మీద ఆడి పెద్దవాళ్లయ్యారు. సైబరాబాద్ వరస వేరు. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. కొలువు వచ్చింది, కొలువు వెంట జట్టు వచ్చింది, మైదానం మాత్రం ఇంకా రావలె. మాదాపూర్ రాళ్ల మధ్య ఖాళీ జాగాలో టెన్నిస్ బంతితో మొదలుపెట్టినవారు, అక్కడ పునాది తవ్వగానే కొండాపూర్, అక్కడ రేకుల కంచె లేవగానే గచ్చిబౌలి, ఇలా పడమటికి జరుగుతూ పోయారు.

కోకాపేటలో ఆగుదామంటే, 2023 ఆగస్టు నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. 65 మీటర్ల బౌండరీ గీస్తే మూడెకరాల పైచిలుకు నేల కావాలి. లెక్కన 330 కోట్లు. మిడాన్‌లో క్యాచ్ జారవిడిచినవాడు గజం రెండు లక్షల చోట నిలబడి జారవిడిచినట్టు. అందుకే జట్లు అజీజ్‌నగర్, మొయినాబాద్ దాకా వెళ్లి పూటకింతని అద్దెకు ఆడుతున్నాయి. కవి ఊరి పేరు వదిలేయడం అనుభవం మీద చేసిన పని. భవనాల నడుమ వల కట్టిన టర్ఫులున్నాయి కదా అంటారు. అది పంజరం, దానికి పద్యం చాలదు, దండకం రాయాలి.

‘తెల్ల జెర్సి’కి ‘నీలి జెర్సి’ అని పాఠాంతరం. గణం సరిపోతుంది కాని యతి చెడుతుంది. వీపున పేరు, నంబరు అచ్చేయించుకున్నవారు ఈ మాట ఒప్పుకోరు.

‘తెమ్ము డబ్బు’: కిట్‌బ్యాగు కొన్నవాడిదే కెప్టెన్సీ, ఓపెనింగూ. దీనికి ప్రమాణం మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన జట్టులో ఆడించాడు. 1936లో భారత జట్టుకే కెప్టెనై ఇంగ్లండ్ వెళ్లాడు. మనవాడికున్నది డిక్కీ పెద్దదైన కారు. ఆదివారానికి అంత చాలు.

‘పదుగురైన చాలు’: జట్టుకు పదకొండుగురే అయినా, రెండు పక్షాలూ ఒప్పుకుంటే అంతకు తక్కువతోనూ ఆడవచ్చునని క్రికెట్ స్మృతిలో మొదటి నియమం. అయినా ఫీల్డర్ ఒకడు తగ్గితే బౌలర్ ఒప్పుకోడు గనుక బావ వస్తాడు. ఒక సైజు పెద్దవైన బూట్లలో కాగితాలు కుక్కుకొని ఫైన్‌లెగ్‌లో నిలబడతాడు. క్రిక్‌హీరోస్ యాప్‌లో ఆయన పేరు ‘గెస్ట్ 1’. వరంగల్ వెళ్లాక కూడా గ్రూపులోంచి ఎవరూ తీయరు.

‘అలుగవద్దు’: 36వ నియమం ఎల్బీడబ్ల్యూ. బ్యాటింగ్ జట్టువాడే అంపైరైన చోట ఇది కలహమూలమని తెలిసి, టాస్ దగ్గరే రెండు జట్లూ ‘ఎల్బీ లేదు’ అనుకుంటాయి. దాంతో ప్యాడ్లే బ్యాటైపోతాయి. రసం ఇక్కడ వీరం నుంచి రౌద్రానికి, అక్కడినుంచి హాస్యానికి మళ్లుతుంది. అలంకారమంటారా, ‘అందరు రావలె’లో అతిశయోక్తి.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు గ్రూపులో ‘ఇన్’ అని పెట్టవలెను. ఈ ఆదివారం అజీజ్‌నగర్‌లో ఇద్దరు తక్కువున్నారు. కీపింగ్ వచ్చినవారైతే డబ్బు తరువాత ఇవ్వవచ్చు.