గోడౌనులో బ్యాండికూటు

సూర్యాపేటనుండి కోదాడకు జాతీయ రహదారిమీద బస్సులో పోవువారికి పొలములకన్న ముందుగా కన్నులబడునవి బోర్డులు; ఆ బోర్డులమీద, ముప్పది దినములలో స్వచ్ఛమైన ఆంగ్లోచ్చారణము నేర్పెదమను ప్రతిజ్ఞలు. ఐదువందల యేండ్లుగా ఇంగ్లండువారు తమలో తాము తేల్చుకొనలేకపోయిన వ్యవహారమును మావారు నెల దినములలో, అదియు ఫీజు ముందుగా చెల్లించినచో, తేల్చివేయుదురు.

ఆ ప్రతిజ్ఞల క్రింద ఊరిపేరు ఆంగ్లలిపిలో నుండును. అజంతభాష యని మనము మురిసికొను తెలుగున పుట్టిన సూర్యాపేట అచ్చట తుది అచ్చును పోగొట్టుకొని నిలుచున్నది. ఆంగ్లమున 'పెట్' అనగా పెంపుడు జంతువు గావున, ఆ వ్రాతను ఉన్నదున్నట్లు చదివిన దొరకు మా పట్టణము సూర్యభగవానుడు పెంచుకొను కుక్కపిల్లవలె దోచినచో నేరము వానిది కాదు. కోదాడకు తోక తెగి, ఆ దొర చెవికి చివర 'డాడ్' మిగిలినది. మిర్యాలగూడ తుది అచ్చును ఎట్లో దక్కించుకొన్నను, వెనుకటి లోకసభ నియోజకవర్గపు పేరులో నడిమి అకారమును ఒకదానిని సమర్పించుకొన్నది. తమ ఊరిపేరును సరిగా వ్రాయలేని బోర్డు పరాయిభాషను సరిగా పలికించునట!

ఆ స్వచ్ఛత యెట్టిదో విచారింతము. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరున ముద్రణాలయమును నెలకొల్పిన కాలమునకు ఆంగ్లేయుల దీర్ఘాచ్చులు నోటిలో స్థానములు మారుచుండెను. సీసపుటక్షరము వర్ణక్రమమును బిగించినది గాని, నాలుక దానికొరకు ఆగలేదు. కావుననే ఓ, యూ, జీ, హెచ్ అను నాలుగక్షరములు ఒకచో 'ఓ' యనియు, వేరొకచో 'ఊ' యనియు, చెట్టుకొమ్మ నెక్కినపుడు 'అవు' అనియు, దగ్గినపుడు 'ఆఫ్' అనియు, చాలు చాలుననునపుడు 'అఫ్' అనియు పలుకును. ఫ్రెంచివారి యొద్దనుండి బీ లేకుండ వచ్చిన అప్పుమాటకు, లాటినుమీది మమకారముచేత పండితులు ఒక బీని తగిలించిరి. 'డెట్' అని పలుకుచు నేటికిని దానిని మోయుచున్నారు. ద్వీపమును తెలుపు మాటకైతే, లాటిను 'ఇన్సులా'తో దానికి బీరకాయపీచు చుట్టరికమైనను లేకున్నను, ఒక ఎస్‌ను అంటగట్టిరి. ఇటలీ 'కొలొనెల్లో' ఆంగ్లమునకు చేరుసరికి వ్రాతలో లకారమును, నోట రేఫమును నిలిచినవి. వ్రాసినట్లే చదివి 'కల్నల్' అను మన పల్లెటూరివాడే ఇటలీకి దగ్గరివాడు. వానిని కూర్చుండబెట్టి 'కర్నల్' అని దిద్దుటకే ఆ ఫీజు.

మనకు మాత్రము బండిఱయు అరసున్నయు లేవా యందురేమో. ఉండెను, వానికొరకు ఈ వ్యాసకర్త బెత్తపుదెబ్బలు తిన్నవాడే. మోసినన్నాళ్లు మోసి దింపుకొంటిమి.

మిర్యాలగూడలో, నాగార్జునసాగరు ఎడమ కాలువ పుణ్యమున వెలసిన బియ్యపు మిల్లులలో నొకదాని కావలివానికి ఒక మనుమడు కలడు. వాడు చదువు బడిలో తెలుగుమాట దొర్లినచో మాటకు పది రూపాయల జుర్మానా. మొన్న నేను అచ్చట నుండగా వాడు పరుగున వచ్చి, "తాతా, గోడౌన్ల బ్యాండికూట్ ఉన్నది!" అని కేకవేసెను. ముసలివాడు వెలవెలబోయి నావైపు చూచెను.

నేనేమి చెప్పుదును? బ్యాండికూటు మన పందికొక్కే. యూల్, బర్నెల్ దొరలు కూర్చగా 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువున ఆ సంగతి అచ్చుపడియే యున్నది. ధాన్యము తిని బలిసిన మన జంతువు పేరును దొరలు ఓడనెక్కించి, ఆస్ట్రేలియాలో పొట్టక్రింద సంచి గల మరొక జంతువునకు, ఏ సంబంధమును లేకున్నను, పెట్టిరి. గోడౌనా, మలయా భాషలోని 'గుదాంగ్' మీదుగా చుట్టు తిరిగి వచ్చినది. దాని వెనుక తెలుగు గిడ్డంగిని, అరవల కిడంగును నిఘంటుకారులు చూపుదురు. అనగా, గిడ్డంగి, పందికొక్కు అన్నచో ఇరువది రూపాయలు. అదే సరకు సముద్రయానము చేసి వచ్చినచో శభాషు. ఊరిపేరున వినిపించు మిరియమునకే ఆంగ్లేయులు మన పిప్పలిపేరు తగిలించి 'పెప్పర్' అనుచున్నారని కూడ చెప్పబోయి, పిల్లవానిపై మరి పది రూపాయల భారమెందుకని ఊరకుంటిని.

ముసలివాడు అంతయు విని, చుట్ట వెలిగించుకొని, "అట్లయితే రెండు మాటలకు ఇరవై. ఇంగ్లీషోళ్లే మనకు జుర్మానా బాకీ పడ్డరు గద బిడ్డా, రాసుకో" అనెను. మనుమడు వెంటనే నోటుబుక్కు తెరచి ఆ అప్పును ఆంగ్లమున వ్రాసికొనెను. బీ మరచినాడు. నేను దిద్దలేదు.